శంకుస్థాపనకు అడ్డొచ్చిన కళా మండపం

సర్కారు బడి ఆవరణలో కళా మండపానికి శుక్రవారం శంకుస్థాపన జరుగుతుందని, సర్వమత సామరస్యానికి అది జిల్లాకే దారి చూపుతుందని నాయకుడు బాలకిషన్ ప్రకటించారు. ప్రకటనలో వంక పెట్టడానికేమీ లేదు. మండపం అప్పటికే కట్టేసి ఉందన్నది ఒక్కటే చిన్న ఇబ్బంది.

ఆ ఇబ్బంది హెడ్మాస్టర్ శ్యాంసుందర్ మెడకు చుట్టుకుంది. సిరిసిల్ల పక్కనున్న ఆ బడిలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలు కలిసే డ్రాయింగ్ నేర్చుకుంటారు, అదీ ఎండలో. చూడలేక తల్లిదండ్రులే తలో చెయ్యి వేశారు. జానీమియా మేస్త్రీ నాలుగు స్తంభాలు లేపాడు. మైసయ్య ఇసుక మోశాడు. లింగవ్వ కూలిన తన పాత ఇంటి గూన పెంకులిచ్చింది. శ్యాంసుందర్ కూడా రెండు తట్టల కంకర మోసి, వారం రోజులు నడుము పట్టుకుని తిరిగాడు. సోమవారం నుంచి క్లాసు నీడలోనే అని పిల్లలకు మాటిచ్చాడు. వాళ్లు ఆ సంతోషంలో ఒక స్తంభం మీద ముగ్గు, ఒకదాని మీద ఉర్దూ అక్షరాలు, ఇంకోదాని మీద క్రిస్మస్ నక్షత్రం, నాలుగోదాని మీద ఊరికి అన్నం పెట్టే మరమగ్గం గీశారు.

గురువారం బాలకిషన్ స్థల పరిశీలనకు వచ్చి, మండపాన్ని చూసి బాధపడ్డారు.

"శంకుస్థాపన గాకుండ ఎట్ల కడ్తరు సారూ?"

"పోనీ, ప్రారంభోత్సవం చేయండి అన్నా" అని శ్యాంసుందర్ నసిగాడు.

"లగ్గం గాకముందే పోరనికి తొట్లె కడ్తరా?" అన్నారు బాలకిషన్, ఓపిగ్గా.

ఆయన విధ్వంసం గిట్టని మనిషి. ఒక్క స్తంభం తీస్తే చాలు, ఆ గుంతలో రాయి వేద్దామన్నారు. ఏ స్తంభమన్న దగ్గరే పేచీ వచ్చింది. ఉర్దూ అక్షరాల వైపు వేలు చూపితే జానీమియా తలెత్తి చూశాడు. ముగ్గు వైపు తిప్పితే సొంత కార్యకర్తలే దగ్గారు. నక్షత్రం వైపు తిప్పేసరికి, ప్రతి ఆదివారం చర్చికి పోయే మైసయ్య వచ్చి దాని ముందు నిలబడ్డాడు. ఇక మరమగ్గం మీద వేలు పెట్టే నాయకుడు సిరిసిల్లలో ఇంకా పుట్టలేదు.

బాలకిషన్ కళ్లు మూసుకుని ఆలోచించారు.

"నాకు అందరు సమానమే. నాలుగూ తీయుండ్రి."

ఇంతటి సమదృష్టి ఎంతమందికి ఉంటుంది? శ్యాంసుందర్‌కు గొంతు దాకా వచ్చింది వద్దనాలని. ట్రాన్స్‌ఫర్ గుర్తొచ్చింది. "మంచిదన్నా" అన్నాడు. అన్నాక జానీమియా మొహం చూడలేకపోయాడు, సిగ్గేసింది.

లింగవ్వ మాత్రం కార్యకర్తలను దగ్గరికి రానివ్వలేదు. "నేనే ఇచ్చిన, నేనే దించుకుంట. మీరైతె పలగొడ్తరు" అని పెంకులన్నీ ఒక్కొక్కటిగా దించి గోడ వారకు పేర్చుకుంది.

శుక్రవారం శంకుస్థాపన దివ్యంగా జరిగింది. నిలువెత్తు నల్లరాతి ఫలకం మీద పెద్దల పేర్లన్నీ పట్టాయి. కట్టినవాళ్ల పేర్లకే చోటు చాలలేదు. మళ్లీ మేమే కట్టుకుంటామని జానీమియా అంటే, ఇక అది సర్కారు పని, టెండరు రావాలి, ఎవరూ ఇటుక ముట్టొద్దన్నారు బాలకిషన్.

సోమవారం నాజియా అనే పిల్ల డ్రాయింగ్ పుస్తకం పట్టుకుని హెడ్మాస్టర్ గది ముందు నిలబడింది. "సార్, ఇయ్యాల క్లాసు నీడల్నే అన్నరు గదా."

మాటిచ్చిన మనిషి ఆవరణంతా కలియజూశాడు. నీడ ఒక్కచోటే ఉంది. ఆ ఫలకం వెనకాల పిల్లలను ఒద్దికగా కూర్చోబెట్టాడు. కొందరే పట్టారు. మిగతావాళ్లు తమ వంతు కోసం ఎండలో నిలబడ్డారు.

అటుగా పోతున్న విలేకరి ఒకడు ఫలకం వెనక కూర్చున్న పిల్లలను ఫొటో తీసుకున్నాడు. మర్నాడు ఆ ఫొటో పేపర్లో పడింది, కళా మండపం వాడుకలోకి వచ్చిందని. బాలకిషన్ మురిసిపోయి ఫోన్ చేశారు.

"సూసినవా సారూ, పోరగాండ్లు ఎంత మంచిగ గీస్తున్నరో. ఇగ మండపమెందుకు? నీడ సాలకుంటె చెప్పు, ఇంకో శంకుస్థాపన చేద్దం."

శ్యాంసుందర్ కిటికీలోంచి చూశాడు. పొద్దెక్కి నీడ రాతి మొదట్లోకి ముడుచుకుంటోంది. నాజియా మోకాళ్లు దగ్గరికి లాక్కుని ఇంకాస్త జరిగింది.

"గీసారి జర పెద్ద రాయి పంపుండ్రి అన్నా" అన్నాడు.