వరుణ్‌కొచ్చిన మార్కులు

ఆ ఉదయం లచ్చి వేసుకున్న పథకం చిన్నదే. పక్కింటి ద్వాళి మనవడికంటే తన మనవడు వరుణ్‌కు ఒక్క మార్కయినా ఎక్కువ రావాలి.

ముందురోజు నర్సు రజిత గంగారం నుంచి తండాకు వచ్చింది. దగ్గుతున్న పిల్లల వేళ్లకు అగ్గిపెట్టెంత యంత్రం తగిలించి, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసింది. ద్వాళి మనవడికి తొంభై ఎనిమిది వచ్చింది. నూటికి తొంభై ఎనిమిదని ద్వాళి తండా అంతా చాటింపు వేసింది. పొద్దుపోవడంతో మిగిలిన పిల్లల్ని మర్నాడు చూస్తానని రజిత వెళ్లింది. మూడు రోజులుగా దగ్గుతున్న రెండేళ్ల వరుణ్‌కు తక్కువొస్తే లచ్చి తల ఎక్కడ పెట్టుకోవాలి?

అందుకే రజిత రాగానే, యంత్రాన్ని చూస్తే పిల్లాడు ఏడుస్తాడని చెప్పి తానే దాన్ని ఒళ్లోని వరుణ్ మీద కప్పిన దుప్పటి కిందికి తీసుకుంది. చడీచప్పుడు లేకుండా తన చిటికెన వేలికే తగిలించుకుని, యంత్రం మాత్రం కనిపించేలా దుప్పటి అంచు జరిపింది. తొంభై ఏడు. ఒక్కటి తగ్గింది! లచ్చి ఉసూరుమని, ఇంకో వేలికి పెట్టనా అని అడిగింది. గడపలో నిలబడ్డ ద్వాళి, రెండోసారి పెడితే లెక్కకు రాదని అడ్డుపడింది. ఆ గొడవకు తండాలో సగం మంది వాకిట్లో చేరి, తమకూ పరీక్ష పెట్టమని వరుస కట్టారు.

రజిత మాత్రం యంత్రం మీది రెండో అంకెను చూస్తోంది.

"అవ్వా, గిది గుండె లెక్క. డెబ్బై రెండు చూపెడుతంది. దగ్గుతున్న రెండేండ్ల పోరని గుండె గింత నిమ్మళంగ కొట్టుకోదు. జర దుప్పటి తియ్యి."

దుప్పటి తొలగగానే ముడతల వేలు బయటపడింది. వాకిలంతా నవ్వింది. లచ్చి సిగ్గుతో ఆ వేలిని కొంగులో దాచుకుంది.

రజిత నవ్వలేదు. యంత్రాన్ని వరుణ్ కాలి బొటనవేలికి పెట్టి, చొక్కా పైకెత్తింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. అంకె ఎనభై ఆరు దగ్గర ఆగిపోయింది, నవ్వులూ ఆగిపోయాయి. ఆ చిన్నారి వేలిలోంచి ఎర్రటి వెలుగు దూరి, లోపలి ఊపిరి సంగతి చెప్పేసింది. లచ్చికి అప్పుడు తెలిసింది. మార్కు దాస్తున్నాననుకుని తాను వాడి ఆయాసాన్ని దాచింది.

"నా నోట్ల మన్నువడ, జరైతే వాణ్ని పోగొట్టుకుందును గద బిడ్డా" అంది.

ఆటో కోసం పరుగెత్తింది ద్వాళే. దవాఖానలో వరుణ్ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఎనభై తొమ్మిది, తొంభై రెండు అంటూ అంకె ఒక్కో మెట్టు ఎక్కుతుంటే, లచ్చి తనకు తెలియకుండానే ఆ యంత్రానికి చేతులు జోడించింది. అగ్గిపెట్టెంత దానికి అంత చూపు ఎలా వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

మూడో రోజు గొట్టం తీసేసి చూస్తే తొంభై ఏడు.

"నీ మనవనికంటె ఒక్కటే తక్కువనే ద్వాళీ" అంటూ లచ్చి కళ్లు తుడుచుకుంది.

ఈసారి వేలు వరుణ్‌దే.