మూత బిగించి ఊరుకుంటే

సోమవారం పొద్దున దిద్దుబాబు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి కారు తుడవడం, పదింటికి తనిఖీ కేంద్రంలో పొగ పరీక్ష చేయించి కాగితం పుచ్చుకోవడం, పదకొండింటికల్లా అచ్చు ఆఫీసులో తన కుర్చీలో కూర్చోవడం. పాత కాగితం గడువు శనివారం దాకా ఉంది. కానీ ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషి ఆఖరి రోజు దాకా ఎందుకు ఆగుతాడు? ఆ దిద్దుడు మూలంగానే ఆయన అసలు పేరు జనం మరిచిపోయారు. ఇంట్లో మామగారు సైతం దిద్దుబాబనే అంటారు.

కారు నిజానికి భార్యది. ఆవిడ ఇంటింటికీ తిరిగే నర్సు. మంచం దిగలేని రోగులు పద్నాలుగు మంది ఆవిడ కోసం పొద్దుటి నుంచి గుమ్మం వైపు చూస్తూ ఉంటారు. వాళ్లలో కాలి పుండు పెద్దావిడ ఒకరు. ఈవిడ తప్ప ఇంకెవరు కట్టు విప్పబోయినా కర్ర ఎత్తుతుంది. గడియారాలు బాగుచేసే ముసలాయన ఇంకొకరు. ఈవిడ చెయ్యి అయితేనే సూది పొడిపించుకుంటాడు.

“శనివారం లోపల కాగితం రాకపోతే నా రౌండు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారండీ,” అంది ఆవిడ చెప్పులు వేసుకుంటూ. “కాగితం వచ్చేదాకా ఎలాగోలా బస్సుల్లో తిరుగుతాను. పోనీ, కారు మెకానిక్‌కి ఇచ్చేస్తే?”

“పొగ పరీక్షకి మెకానిక్ ఎందుకోయ్? నేను చూసుకుంటానుగా!”

ఆయన ఇదివరకు ఈ మాట అన్నది కుళాయి గురించి. ఆ కుళాయిని ఇప్పుడు బట్టతో కట్టి ఉంచారు. ఆవిడ కుళాయి వైపు ఓసారి చూసి, ఏమీ అనకుండా బస్సుకు వెళ్లిపోయింది.

కారు తుడిచి తాళం తిప్పగానే ఇంజను బొమ్మ దీపం పసుప్పచ్చగా వెలిగింది.  ఇలాంటి రోజు కోసమే దిద్దుబాబు కోడ్ రీడరొకటి కొని పెట్టుకున్నాడు. స్టీరింగు కింద గుచ్చితే కారు తన జబ్బేమిటో అంకెల్లో చెబుతుంది. గుచ్చాడు. పెట్రోలు ఆవిరి ఎక్కణ్నుంచో బయటికి పోతోందని, చిల్లు పెద్దదేనని వచ్చింది. దిగి వెనక్కి వెళ్లి చూస్తే పెట్రోలు ట్యాంకు మూత సగమే బిగించి ఉంది. టకటకమని శబ్దం వచ్చేదాకా బిగించాడు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ రీడర్లో ‘చెరుపు’ అని ఒక మీట ఉంది. తప్పు కనిపిస్తే కొట్టేయడమే ఇన్నేళ్లుగా ఆయన చేస్తున్న పని. కొట్టేసిన తప్పు మళ్లీ అచ్చులో రాదు. మీట నొక్కాడు. దీపం ఆరిపోయింది. ఈల వేసుకుంటూ తనిఖీ కేంద్రానికి బయల్దేరాడు.

అక్కడి అధికారిణి తన యంత్రాన్ని కారుకు తగిలించి, తెర చూసి పెదవి విరిచింది. “దీన్ని పరీక్షించడం కుదరదండీ.”

“అదేంటమ్మా? తప్పు ఒక్కటి కూడా లేదే!”

“తప్పులు లేవని కాదండీ, ఇంకా చదవలేదని. కారు తనను తానే పరీక్షించుకుంటూ ఉంటుంది. మీరు కోడు చెరిపారు కదా, దాంతో ఆ పరీక్షల ఫలితాలన్నీ పోయాయి. మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. కొన్ని రోజులు నడిపి తీసుకురండి.”

“కొన్ని అంటే?”

“అది కారు ఇష్టం.”

మంగళవారం దిద్దుబాబు ఆఫీసుకు సెలవు పెట్టి, తెల్లవారగానే రోడ్డెక్కాడు. వేగంగా కొంత, మెల్లగా కొంత, ఆగుతూ కొంత, ఎక్కడికీ వెళ్లే పని లేకుండా ఊరంతా తిరిగాడు. ఒకే ట్రాఫిక్ పోలీసు ముందు నుంచి ఆరుసార్లు వెళ్లాడు. ఆరోసారి ఆ పోలీసు ఆపి, దారి తప్పారా అని జాలిగా అడిగాడు. సాయంత్రానికి నాలుగు పరీక్షల్లో మూడు పూర్తయ్యాయి. మిగిలింది పెట్రోలు ఆవిరి పరీక్ష ఒక్కటే. రాత్రంతా కారు చల్లబడితే పొద్దున అది కూడా అయిపోతుందని రీడరుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ప్రాణం లేచి వచ్చింది ఆయనకు.

అల్లుడు అంత అలసిపోయి సోఫాలో వాలడం చూసి మామగారి మనసు కరిగింది. ఆయన ఎవరికీ చెప్పకుండా కారు తీసుకెళ్లి పెట్రోలు పోయించుకొచ్చారు. పోయించడంలో ఆయనది ప్రత్యేకమైన పద్ధతి. పంపు దానంతట అది ఆగిపోయాక కారును పక్క నుంచి ఊపి, బుడగలు పోనిచ్చి, మళ్లీ పోయిస్తారు. మూతి దగ్గర పెట్రోలు కంటికి కనబడితేగాని ట్యాంకు నిండినట్టు ఒప్పుకోరు.

బుధవారం పొద్దున మళ్లీ దీపం. ఈసారి కోడు వేరు.

“మామయ్యగారూ! ట్యాంకు నిండా ఉంటే ఆవిరి పరీక్ష జరగదండీ! పైగా పొంగిన పెట్రోలు ఆవిరి పీల్చే బొగ్గు డబ్బాలోకి పోయింది!”

“నిండుగా ఉంటే తప్పా? నా చిన్నప్పటి నుంచీ కార్లకి కడుపు నిండా పోస్తే సంతోషంగా పరిగెత్తేవయ్యా,” అన్నారు మామగారు నొచ్చుకుంటూ.

 దిద్దుబాబు వేలు అప్పటికే మీట మీద ఉంది. వద్దు వద్దని ఒక పక్క మనసు చెబుతూనే ఉంది. కానీ కళ్లెదుట తప్పు కనబడుతుంటే కొట్టేయకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు. నొక్కాడు. దీపంతో పాటు మంగళవారం తిరిగిన తిరుగుడంతా పోయింది. కాసేపు స్టీరింగు మీద తల ఆనించుకుని కూర్చున్నాడు. హారన్ మోగుతోందన్న సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

ఇంకెక్కడో చిల్లు ఉండే ఉంటుందనుకుని, దాన్ని తానే వెతకాలని నిర్ణయించుకున్నాడు. మెకానిక్కులు గొట్టాల్లోకి పొగ ఊది, పొగ ఎక్కడ బయటికొస్తే అక్కడ చిల్లుందని కనిపెడతారట. పెట్రోలు దగ్గర నిప్పు పెట్టేంత తెలివితక్కువ వాడు కాదు దిద్దుబాబు. అందుకని దూరంగా పెరటి మూల ఒక రేకు డబ్బాలో తడి అట్టముక్కలు రాజేసి, మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టం కారు ఉన్న షెడ్డు దాకా లాగి, గాలి పంపుతో ఊదడం మొదలుపెట్టాడు. గొట్టం కొస కారు కింద ఒక సన్నటి రబ్బరు గొట్టంలో పట్టలేదు, బలవంతంగా తోశాడు. ఏదో పుటుక్కుమంది. కారులోంచి రవ్వంత పొగ కూడా రాలేదు. డబ్బా దగ్గర, గొట్టం అతుకుల దగ్గర, షెడ్డు కప్పు మీద మాత్రం దట్టంగా వచ్చింది. పక్కింటావిడ మొదట అగ్నిమాపక దళానికి, తర్వాత నర్సుకి ఫోన్ చేసింది.

భార్య అప్పుడు కాలి పుండు పెద్దావిడ కట్టు సగం విప్పి ఉంది. “మీ ఇల్లు తగలబడిపోతోందమ్మా!” అన్న మాట ఫోన్లో వినబడింది. దూది చేతిలో ఉండగానే పరుగెత్తింది. ఇల్లు చేరేసరికి ఇల్లు ఇల్లులాగే ఉంది. కారు మాత్రం నిలువునా తడిసిపోయి ఉంది. అగ్నిమాపక సిబ్బంది గొట్టం చుట్టుకుంటున్నారు. దిద్దుబాబు తలుపు తీసి రీడరు గుచ్చి చూస్తున్నాడు.

“ఏమండీ, మీకేం కాలేదు కదా?”

“ఇంకో మూడు కోడ్లు వచ్చాయోయ్,” అన్నాడాయన ఏడుపు గొంతుతో.

ఆవిడ అలాగే మెట్టు మీద కూలబడింది. అంతలో ఆవిడ ఆఫీసు నుంచి సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది. పెద్దావిడ కట్టు సగంలో వదిలేసి వెళ్లారని ఫిర్యాదు వచ్చిందట. కారు కాగితం సంగతి కూడా తేల్చమంది. ఫోన్ పెట్టేశాక భార్య మొగుణ్ని తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు కాస్త ఊపిరాడేది.

గురువారం కారును తాడుకట్టి మెకానిక్ దగ్గరికి లాక్కెళ్లారు. మెకానిక్ అసలైన పొగ యంత్రం పెట్టి అరగంట వెతికాడు. తర్వాత చేతులు తుడుచుకుని, రోగి బంధువుతో మాట్లాడే డాక్టరులా గొంతు తగ్గించాడు.

“సోమవారం మూత బిగించారన్నారు కదా సార్. ఆ తర్వాత ఏం చేశారు?”

“కోడు చెరిపాను.”

“చెరపకుండా ఊరుకుని ఉంటే శనివారంలోగా దీపం దానంతట అదే ఆరిపోయేది. పరీక్షలు అలాగే ఉండేవి. కాగితం ఇచ్చేసేవాళ్లు.”

“మరి ఈ బొగ్గు డబ్బా, చిరిగిన గొట్టం, తడిసిన తీగలు…”

“కారుకి మూత వదులు తప్ప ఏ జబ్బూ లేదు సార్. మిగతావన్నీ వైద్యం వల్ల వచ్చినవే.”

 మెకానిక్ డబ్బా, గొట్టం, తీగలు మార్చి మూడు షరతులు పెట్టాడు. ట్యాంకు సగం దాటకూడదు. రోజూ కారు రాత్రంతా కదలకుండా పడుకోవాలి. మీట జోలికి పోకూడదు. ఆ మూడోదాని మీద నమ్మకం లేక రీడరు తన సొరుగులోనే పెట్టి తాళం వేసుకున్నాడు. అంతా సవ్యంగా జరిగితే మంగళవారానికి పరీక్షలు పూర్తవుతాయన్నాడు.

శనివారం వచ్చింది, వెళ్లింది. ఆ సాయంత్రం భార్య తన సంచీలోని మందులు, కట్టు బట్టలు, కత్తెరలు బల్ల మీద పేర్చి, పద్నాలుగు మంది పేర్లు ఒక కాగితం మీద రాసింది. ఎవరికి ఏ చేతికి సూది వేయాలో, ఎవరికి గట్టిగా మాట్లాడితేనే వినిపిస్తుందో పక్కన రాసింది. కొత్తగా వచ్చే మనిషికి ఇవ్వడానికట. గడియారాల ముసలాయన పేరు దగ్గర కలం ఆగిపోయింది, కళ్లు తుడుచుకుంది. దిద్దుబాబు తలుపు చాటు నుంచి అంతా చూశాడు. బతుకులో అంత పనికిమాలిన వాడిగా ఆయన తనకు తాను ఎప్పుడూ కనబడలేదు.

సోమవారం సూపర్‌వైజరమ్మ కబురు వేరేగా ఉంది. ఖాళీగా ఉన్న నర్సు ఒక్కరు కూడా దొరకలేదు. అందుకని సొంత కారు కాగితం వచ్చేదాకా ఆఫీసు కారు, డ్రైవరు సమేతంగా, పొద్దున్నే గుమ్మం ముందుకొస్తుంది. ఆ రోజు ఆవిడ పదకొండేళ్లలో మొదటిసారి వెనక సీట్లో కూర్చుని, కాళ్లు చాపుకుని, అన్నం వేడిగా ఉండగానే తింది. రెండిళ్ల మధ్య పది నిమిషాలు కునుకు తీసింది. కారు నిలపడానికి చోటు వెతికే బాధ తప్పి, ప్రతి రోగి దగ్గరా ఇంకాసేపు కూర్చోగలిగింది. సాయంత్రం ఇంటికొచ్చి ఏదో కూనిరాగం తీసింది.

“మన కారుకి తొందరేం లేదండీ. నిదానంగా కానివ్వండి,” అంది.

దిద్దుబాబు మనసు చివుక్కుమంది. ఎంత మంచి మనిషి! తన పరువు కాపాడటానికి బాధ దిగమింగుకుని పాట కూడా పాడుతోంది. ఆ పాటే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

“నిజంగానే అంటున్నాను. ఇంకో నెల పట్టినా ఫర్వాలేదు.”

“నువ్వేం చెప్పకు. నాకు అర్థమవుతుంది,” అన్నాడాయన.

ఆ రెండు రోజులూ ఆయన కారును పొద్దున కాస్త తిప్పి, రాత్రంతా పడుకోబెట్టి, పసిపిల్లలా చూసుకున్నాడు. సగం ట్యాంకు దాటనివ్వలేదు. తాళాలు మామగారి కంట పడకుండా తలగడ కింద దాచాడు. బుధవారం పొద్దున తనిఖీ కేంద్రంలో యంత్రం తెర మీద నాలుగు పరీక్షలూ పూర్తయినట్టు వచ్చింది. కాగితం చేతికిస్తూ అధికారిణి కూడా నవ్వింది. దిద్దుబాబు ఇంటికి కూడా వెళ్లకుండా, భార్యకు చెప్పకుండా, తిన్నగా ఆవిడ ఆఫీసుకు పోయి, ఆ కాగితం సూపర్‌వైజరమ్మ బల్ల మీద స్వయంగా పెట్టాడు. సూపర్‌వైజరమ్మ ఆనందంగా చెయ్యి కలిపింది.

గురువారం పొద్దున భార్య సంచీ, అన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. ఎనిమిదైంది, ఎనిమిదింబావు అయింది. ఆఫీసు కారు రాలేదు. దిద్దుబాబు తళతళలాడే సొంత కారును ఆవిడ ముందుకు తెచ్చి ఆపి, దిగి, కాగితం నకలు అందించాడు.

“నిన్ననే మీ ఆఫీసులో ఇచ్చేశాను. సంతోషిస్తావని చెప్పలేదు!”

ఆవిడ కాగితాన్ని పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివింది. మడిచి సంచీలో పెట్టుకుంది. ఆయన డ్రైవరు వైపు తలుపు తెరిచి పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఆవిడ ఆ తలుపు దాటి, వెనక తలుపు తానే తీసుకుని, లోపల కూర్చుని కాళ్లు చాపుకుంది.

“కాలి పుండు పెద్దావిడ ఇల్లు ముందు,” అంది. “ఆ తర్వాత పదమూడూ దారిలో చెబుతాను.”

వారం దాటి మొహం చూపించని అచ్చు ఆఫీసులో తన ఉద్యోగం ఇంకా ఉందో లేదో, ఆవిడ అన్నం తినే వేళకు ఫోన్ చేసి కనుక్కోవచ్చులెమ్మని దిద్దుబాబు కారు ఎక్కాడు.