విలన్ లేని బావి

బిడ్డ మీద ప్రేమ అంటే ఏమిటో మన తండ్రులకు నేర్పింది ఎవరు? పురాణాలా? కాదు. బడులా? అంతకన్నా కాదు. కత్తియుద్ధాల సినిమాలు! నమ్మరా? అయితే వజ్రకరూరు పక్కన ఒక ఊరుంది, అక్కడికి రండి. ఈశ్వరప్ప ఇల్లు ఎక్కడని అడగండి.

ఈశ్వరప్ప వేరుసెనగ రైతు. అంటే వాన పడిన ఏడాది రైతు. వాన పడని ఏడాది గుంతకల్లు గూడ్సు షెడ్డులో మూటలు మోసే హమాలీ. ఇది అరవైల్లో మాట. ఆ రోజుల్లో ఆయన రైతుగా కన్నా హమాలీగా బతికిన కాలమే ఎక్కువ. కరువును ఊరికే తిడతాం గాని, అదే లేకపోతే ఈశ్వరప్ప సినిమా హాలు మొహం చూసేవాడా? తండ్రి ప్రేమ ఆయనకు తెలిసేదా?

ఆ ఏడు గుంతకల్లులో ఆడిన సినిమాలో ఎర్రకళ్ళ సేనాపతి ఒకడు హీరో కూతుర్ని ఎత్తుకుపోయి కొండమీది కోటలో దాస్తాడు. హీరో గుర్రమెక్కి బయల్దేరతాడు. కందకం దూకుతాడు. తాడు విసిరి గోడ పాకుతాడు. ఒక చేత్తో పాపను ఎత్తుకొని రెండో చేత్తో సైన్యం మొత్తాన్ని నరుకుతాడు. తలపాగా మాత్రం చెదరదు!

నేల క్లాసులో కూర్చున్న ఈశ్వరప్ప వెక్కి వెక్కి ఏడ్చాడు. సొంత కూతురు కదిరమ్మ పుట్టినప్పుడు కూడా ఆయన అంతగా కదిలిపోలేదు. మళ్ళీ వారం మళ్ళీ చూశాడు, మళ్ళీ ఏడ్చాడు. పొద్దంతా మూటలు మోసిన నడుము నొప్పి ఆ కన్నీళ్ళలో కొట్టుకుపోయేది. అలాంటి మందు ఏ డాక్టరు రాసిస్తాడు చెప్పండి?

పని లేని రోజు ఊరికి వస్తే చాలు, ఇంట్లో కథ మొదలు. భార్య ఓబమ్మ జొన్నలు విసురుతూ వినేది. ఒకరోజు తిరగలి ఆపి అడిగింది.

"ఆ పాప తల్లి యాడుండాది?"

"తల్లా? మొదటి రీలులోనే సచ్చిపోతాది."

"అదీ సంగతి! తల్లి బతికుంటే బిడ్డను కోటకు ఎత్తకపోయేదాకా సూస్తా కూసుంటాదా? అప్పుడు మీకు కథే ఉండదు."

ఈశ్వరప్పకు కోపం వచ్చింది. ఆడవాళ్ళకు కళ అర్థం కాదని ఆయనకు గట్టి నమ్మకం.

ఆ ఊరికి ఒకటే చేదబావి. ఎండాకాలం ముదిరేసరికి అది అడుగంటేది. అడుగున ఒక మూల రాతిసందులోంచి సన్నగా ఊట వచ్చేది. పైనుంచి బిందె వేస్తే మునగదు. ఎవరో ఒకరు దిగి చెంబుతో తోడి పోయాలి. ఆ ఇరుకులో పెద్దవాళ్ళు వంగలేరు. అందుకని పిల్లల నడుముకు తాడు కట్టి దింపేవాళ్ళు. కిందికి చేరాక పిల్ల ఆ తాడు విప్పి బిందెకు కడుతుంది. బిందెలన్నీ పైకి వచ్చాక మళ్ళీ తన నడుముకు కట్టుకుంటుంది. కదిరమ్మ ఆరేళ్ళ పిల్ల. బక్కగా, చురుగ్గా ఉండేది. అందుకే ఊళ్ళో అందరికన్నా ఆమెకే గిరాకీ ఎక్కువ.

ఇందులో తప్పేదో ఉన్నట్టు ఎవరికీ తోచలేదు. ఎలా తోస్తుంది? ఇదేమైనా ఎర్రకళ్ళ సేనాపతి చేసిన పనా? కన్నతల్లులు చేసే పని, తెల్లారితే చేసే పని. రోజూ జరిగేదానికి ఎవరైనా ఏడుస్తారా?

ఒక ఆదివారం పొద్దున ఈశ్వరప్ప టీ అంగడి ముందు నిలబడి, బీడీ కట్టనే కత్తిగా తిప్పుతూ కోట ముట్టడి చెబుతున్నాడు. అంగడి హనుమంతరాయుడు నోరు తెరుచుకొని వింటున్నాడు. గ్లాసులు కడగడం ఆయన నీళ్ళు లేక ఎప్పుడో మానేశాడు గనక తీరిక బాగానే ఉంది. మిగతా మగాళ్ళంతా పాపను కాపాడటానికి సిద్ధంగా, పిడికిళ్ళు బిగించి ఉన్నారు.

అంతలో పక్కింటి మారెక్క రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఈశ్వరప్పన్నా! బావి ఒడ్డు ఇరిగి పడింది! నీ బిడ్డ లోపలే ఉండాది!"

ముందు తేరుకున్నది హనుమంతరాయుడు.

"ఎవడు తోసినాడు?"

"ఎవడూ తొయ్యలేదప్పా! నీళ్ళకు దిగింది!"

"ఎవడూ తొయ్యకుండా ఎట్లా పడతాది?" అని ఇంకొకాయన కట్టె పట్టుకొని లేచాడు. కట్టెలైతే అందరి చేతుల్లోకీ వచ్చాయి. ఎవణ్ణి కొట్టాలో తెలియలేదు. పాపం, వాళ్ళ తప్పేముంది? విలన్ లేనిదే ఏ హీరో అయినా ఎక్కడ మొదలుపెడతాడు?

ఈశ్వరప్ప మాత్రం చెప్పులు వదిలేసి పరుగెత్తాడు.

బావి దగ్గర ఓబమ్మ గట్టు మీద బోర్లా పడుకొని లోపలికి మాట్లాడుతోంది. "సందులోనే కూసో మ్మే! కదలొద్దు. పైకి సూడొద్దు, కండ్లల్లో మన్ను పడతాది. నేను ఈడనే ఉండా." గొంతు నిమ్మళంగా ఉంది.

"ఆడోళ్ళు గంప తెస్తాండారు," అంది మొగుడి వైపు తిరక్కుండానే. "నువ్వు ఆగు. గంప దింపుదాం."

"బిడ్డ ఆడుంటే ఆగేదేంది!"

తండ్రి అన్నవాడు ఆగుతాడా? హీరో గంప కోసం ఆగాడా? ఈశ్వరప్ప తాడును రెండు చేతులా పట్టుకొని బావిలోకి దూకాడు. సినిమాలో అయితే ఇక్కడ వయొలిన్లు మోగుతాయి. ఇక్కడ "అయ్యో" అని ఆడవాళ్ళు అరిచారు. ఎందుకంటే తాడు రెండో కొస పట్టుకున్నది వాళ్ళే, ఆయన దూకుతాడని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తాడు సర్రున జారింది. ఆయన అరచేతుల తోలు లేచిపోయింది. ఈశ్వరప్ప మోకాళ్ళ లోతు బురదలో కూలబడ్డాడు. ఒక మడమ మెలిక పడింది.

రాతిసందులోంచి కదిరమ్మ తల బయటపెట్టింది.

"నాయనా, నీళ్ళన్నీ బురద చేసినావు!"

ఆయన జవాబు చెప్పబోయి పైకి చూశాడు. తల మీద పెద్ద మట్టిపెళ్ళ ఒకటి పగులిచ్చి, అప్పుడో ఇప్పుడో అన్నట్టు వేలాడుతోంది. గులకరాళ్ళు రాలుతున్నాయి. ఇలాంటి చోట హీరో ఒక డైలాగు చెప్పాలి. ఈశ్వరప్పకు నోట్లో తడి లేదు. కుంటుతూ వెళ్ళి సందుకు అడ్డంగా కూలబడి, కూతుర్ని కడుపులోకి ముడుచుకొని వీపు బయటికి పెట్టాడు. మట్టిగడ్డలు ఆ వీపు మీద పడటం మొదలుపెట్టాయి.

"బయమా నాయనా?" అంది కడుపులోంచి కదిరమ్మ.

"లేదు."

"మరెందుకు వణుకుతాండావు?"

"సల్లగుండాది ఈడ."

"ఎప్పుడూ ఇట్లే ఉంటాది. మొదట్లో నాకూ బయమైతాండె. కండ్లు మూసుకొని పాట పాడుకుంటే పోతాది."

ఈశ్వరప్ప ఆ బావిలోకి దిగడం అదే మొదటిసారి. ఆకాశం పైన కంచమంత కనబడుతోంది. ఈ పిల్ల రోజూ ఇక్కడ ఒక్కతే కూర్చొని పాట పాడుకుంటోందన్నమాట! అప్పుడు ఆయనకు ఏడుపు వచ్చింది. నేల క్లాసులో వచ్చిన ఏడుపు లాంటిది కాదు.

గంప దిగింది. ఆయన పిల్లను ఎత్తి గంపలో పెట్టబోతే ఆమె గింజుకుంది.

"బిందె ముందర పంపు. అమ్మ తిడతాది!"

పైనుంచి ఓబమ్మ కేక బావి నిండా మోగింది. "బిందె గంగలో కలవనీ! నువ్వు ఎక్కుతావా ల్యాదా!"

పిల్ల పైకి పోయింది. తర్వాత ఈశ్వరప్ప. అప్పటికి కట్టెలు పారేసి వచ్చిన మగాళ్ళు కూడా ఆడవాళ్ళతో కలిసి తాడు పట్టారు. ఆయన గట్టు మీదికి చేరిన కాసేపటికే ఆ పెళ్ళ విరిగి కింద పడింది. కదిరమ్మ కూర్చున్న సందు సగం పూడిపోయింది. ఎవరూ ఈల వెయ్యలేదు. ఓబమ్మ కూతుర్ని ఒళ్ళో వేసుకొని తల నిండా ఉన్న మన్ను దులుపుతూ ఉండిపోయింది. చాలాసేపటికి మొగుడి అరచేతులు చూసి, "గంప వస్తాందని చెప్తి కదా," అని పసుపు కోసం లేచింది.

ఆ తర్వాత ఈశ్వరప్ప టీ అంగడిలో కథ చెప్పలేదు. కాలు కుంటుకుంటూ ఊరి పెద్దలను వెంటబెట్టుకొని తాలూకా ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. "బావి లోతు తీసి రాతికట్టు కట్టించండి సామీ, బిడ్డల్ని దింపే పని లేకుండా చేయండి," అని దండం పెట్టాడు.

ఆఫీసరు సహృదయుడు. జరిగింది వింటుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. కుర్చీలోంచి లేచి ఈశ్వరప్ప తోలు లేచిన చేతుల్ని పట్టుకొని ఊపాడు. "తండ్రంటే నువ్వేనయ్యా! అచ్చం సినిమాలో మాదిరే!" ఆయనా ఆ సినిమా చూశాడట, రెండుసార్లు. ఇలాంటి ఊరికి ఏదైనా చేసి తీరాలన్నాడు.

చేశాడు! నెల తిరక్కుండా ఊరి బయట టూరింగు టాకీసు డేరా లేచింది. పర్మిషన్ ఆయన దగ్గరుండి ఇప్పించాడు. బావి సంగతి పరిశీలనలో ఉంది. చూశారా ప్రభుత్వం ముందుచూపు? నీళ్ళిస్తే తాగి మరిచిపోతారు. సినిమా అయితే మనసులో నిలిచిపోతుంది!

ఒక చిన్న ఇబ్బంది వచ్చిపడింది. డేరాలో జనం కూర్చునేది నేల మీద. దుమ్ము లేవకుండా ఆట ముందు నీళ్ళు చల్లాలి. "నీళ్ళు పోసిన ఇంటివాళ్ళకు ఆట ఫ్రీ," అన్నాడు డేరా మేనేజరు గంగాధరప్ప. పూడిన మన్ను ఊరివాళ్ళు అప్పటికే తోడేశారు. ఊట మళ్ళీ సన్నగా వస్తోంది. చెంబుతో తోడాలి, అంతే.

ఎవరు దిగారో చెప్పాలా?

ఈసారి తాడు ఈశ్వరప్ప పట్టుకున్నాడు. ఎవరడిగినా ఇవ్వలేదు. అరచేతుల పుండ్లు మళ్ళీ పగిలినా పట్టు సడలించలేదు. కింద పాట వినబడుతున్నంతసేపూ ఊపిరి పీల్చాడు. పాట ఆగితే, "కదిరమ్మా!" అని కేకేశాడు.

ఆ సాయంత్రం మొదటాటకు ఊరంతా కూర్చుంది. తడిసిన మట్టి కమ్మగా వాసన వేస్తోంది. ఆఫీసరు ముందు వరసలో, కుర్చీలో. ఎర్రకళ్ళ సేనాపతి కూలాడు. తండ్రి పాపను భుజానికెత్తుకొని కోట దిగాడు. ఈలలు, చప్పట్లు, ఏడుపులు. ఆఫీసరు జేబురుమాలు తీశాడు. హనుమంతరాయుడు ఉత్తరీయం తీశాడు.

తండ్రి ఒళ్ళో కూర్చొని మొట్టమొదటిసారి సినిమా చూస్తున్న కదిరమ్మ మాత్రం ఏడవలేదు. మెల్లగా ఆయన చెవి దగ్గరికి జరిగి అడిగింది.

"నాయనా, రేపు ఆ పాపను మళ్ళా ఆడికి పంపుతారా?"

"ఎందుకు పంపుతారు మ్మే?"

"నీళ్ళకు."