డబ్బీకి కొత్త గుండె

ఆ శనివారం అలారంగారి కార్యక్రమంలో ఏడు పనులున్నాయి. ఆరింటికి లేచి కాఫీ పెట్టడం, తొమ్మిదింటికి లైబ్రరీ తెరవడం, ఐదింటికి తాళం వేయడం, దారిలో గడ్డం గీయించుకోవడం... ఇలా వరసగా పోయి, ఆఖరున ఒకటి: "ఆరు గంటలు. మ్యూజిక్ స్కూలు హాలు. మొదటి వరస, మధ్య కుర్చీ." దాని కింద ఇంకో లైను: "ఈసారి చచ్చినా మరవకు."

ఇదంతా ఆయన కాగితం మీద రాసుకోలేదు. కళ్ళజోడు పెట్టెంత ఉండి, మూత తెరిస్తే చిన్న తెర, చింతగింజలంత మీటలు కనిపించే ఒక చేతి కంప్యూటర్లో రాసుకున్నారు. దాన్ని ఆయన డబ్బీ అంటారు, వాళ్ళావిడ "నా సవతి" అంటుంది. పంతొమ్మిదేళ్ళుగా అది ఆయన చొక్కా జేబులో ఉండి, రోజుకు ఏడెనిమిది సార్లు మోగుతుంది. ఆ మోత వల్లే లైబ్రరీ జనం ఆయన్ని అలారంగారూ అని పిలుస్తారు. డబ్బీ లేకపోతే ఆయనకు పొద్దు గడవదు మరి. ఒకసారి సొంత ఇంటి తలుపు తట్టి, ఆవిడ తీయగానే "క్షమించండి, ఇల్లు పొరబాటు" అని వెనక్కి తిరిగిన మనిషాయన.

పోయినేడు ఇదే రోజున కొంప మునిగింది. ఆవిడ యాభై రెండేళ్ళ వయసులో సంగీతం మొదలుపెట్టి, మొదటిసారి స్టేజీ ఎక్కింది. "మీరు ఎదురుగా కూర్చోండి చాలు, మిమ్మల్నే చూస్తూ పాడేస్తాను" అంది. ఆ సాయంత్రం డబ్బీ మోగలేదు. మోగడానికి అందులో ఏమీ మిగల్లేదు. రాసుకున్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. అలారంగారు ఏడింటిదాకా లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు అంటించుకుంటూ కూర్చున్నారు. అక్కడ ఆవిడ మధ్య కుర్చీ వైపు చూసి, అది ఖాళీగా ఉండటంతో రెండో చరణం మరిచిపోయి, తల వంచుకుని స్టేజీ దిగింది. ఇంటికొచ్చాక ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ మౌనం ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాటి నుంచీ పొద్దున్నే లేచి కాఫీ తనే పెట్టడం మొదలుపెట్టారు.

మళ్ళీ ఆ తప్పు జరగకూడదని, ఈ ఏడు డబ్బీని బావమరిది చేతుల్లో పెట్టారు. బావమరిదిది గడియారాలు, రేడియోలు బాగుచేసే కొట్టు. మూడు వారాలు భూతద్దం కంటికి బిగించుకుని, జ్ఞాపకశక్తి నాలుగింతలు చేశాడు. పెద్ద బ్యాటరీలు తీసేసినా రాసుకున్నది చెరిగిపోకుండా లోపల కొత్త బిళ్ళ బ్యాటరీ పెట్టాడు. ఆఖరున బియ్యపు గింజంత ముక్క ఒకటి పటకారుతో పట్టుకుని చూపించాడు.

"దీన్ని క్రిస్టల్ అంటారు బావా. డబ్బీకి గుండె ఇదే. ఇది కొట్టుకున్నకొద్దీ అది నడుస్తుంది. కొత్తది వేశానంటే నీ డబ్బీ గుర్రమే అనుకో."

"వెయ్యరా, వెయ్యి."

"వేశాక రెండ్రోజులు నా దగ్గరే ఉంచాలి. టైము సరిగ్గా నడుస్తోందో లేదో చూడాలి."

"రెండ్రోజులా? రేపే మీ అక్క ప్రోగ్రాం! పంతొమ్మిదేళ్ళలో ఇది ఒక్క నిమిషం తప్పు చూపించలేదు. ఇలా ఇవ్వు."

అలా శుక్రవారం సాయంత్రం సరిగ్గా ఆరింటికి టైము సరిచేసి, అన్నీ మళ్ళీ ఎక్కించి, డబ్బీని జేబులో వేసుకుని ఇంటికెళ్ళారు. కొత్త గుండెతో డబ్బీ మా చురుగ్గా ఉంది. గంటకు ఐదు నిమిషాలు అదనంగా నడిచేంత చురుగ్గా ఉంది. ఆ సంగతి డబ్బీకి తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దున ఆరింటికి డబ్బీ మోగింది. బయట కటిక చీకటి. చలికాలం కదా అనుకున్నారు అలారంగారు. గోడ గడియారం ఐదూ ఐదు చూపిస్తోంది. "పాపం, ముసల్దయిపోయింది" అని జాలిపడి, స్టూలెక్కి ముల్లు ఆరుకు జరిపారు. అదే సమయానికి ఆవిడ కళ్ళు నులుముకుంటూ వచ్చింది. గడియారం వైపు చూసింది, చేతిలో ఫోను వైపు చూసింది, ఏదో అనబోయింది, మానేసింది.

"కాఫీ బాగుందండీ" అంది చివరికి.

తొమ్మిదింటికి లైబ్రరీ తెరిస్తే గుమ్మంలో పిట్ట లేదు. రోజూ తలుపు తీయకముందే వచ్చి, పేపరు మొహాన కప్పుకుని కునుకు తీసే రిటైర్డు లాయరుగారు కూడా లేరు. "జనానికి బద్ధకం పెరిగిపోయింది" అని విసుక్కుంటూ లైబ్రరీ గడియారం కూడా సరిచేశారు. పదింటికి తీరిగ్గా వచ్చిన లాయరుగారితో ఆయన పూటంతా మాట్లాడలేదు.

ఐదింటికి గంట కొట్టి "మూసేస్తున్నామండీ!" అనగానే లాయరుగారు పేపరు కిందనుంచి తల బయటపెట్టారు.

"అప్పుడేనా? నా వాచీలో మూడుంపావే కదండీ!"

"మీ వాచీకి వయసయింది లాయరుగారూ."

ఒకావిడ ఫోను తీసి చూపించింది. "ఇందులో కూడా మూడుంపావేనండీ."

"ఫోను టైము గాలిలోంచి వస్తుందమ్మా. ఇవాళ మబ్బు పట్టింది కదా" అన్నారు అలారంగారు, అనుమానమన్నది ఎరగని గొంతుతో. పైగా డబ్బీ తెరిచి అందరికీ చూపించారు. పంతొమ్మిదేళ్ళ పరువు ఊరికే పోతుందా? లాయరుగారు గొణుక్కుంటూ వాచీ తిప్పుకున్నారు. అందరూ మెట్లు దిగుతుంటే అలారంగారికి జాలేసింది. "ఆరింటికి మా ఆవిడ పాట ఉంది. మ్యూజిక్ స్కూలు హాల్లో. అందరూ రండి" అన్నారు.

దారిలో మంగలి షాపులో కుర్చీ ఖాళీ లేదు. ఒకాయనకు ఒక చెంప అయింది, రెండో చెంప మీద సబ్బు నురగ ఉంది.

"తొందరగా కానివ్వవయ్యా, ఐదున్నర అయిపోయింది" అన్నారు అలారంగారు.

మంగలి చేతిలో కత్తి ఆగిపోయింది. "ఐదున్నరా! మా గడియారంలో..." అంటూ డబ్బీలోకి తొంగిచూసి బెంబేలెత్తిపోయాడు. "ఐదున్నరకల్లా ఇంటికొస్తానని మా ఆవిడకి మాటిచ్చానండీ! ఇవాళ తప్పితే నన్ను ఇంట్లోకి రానివ్వదు" అంటూ తువ్వాలు లాగేశాడు.

"మరి నా రెండో చెంపయ్యా?" అన్నారు కుర్చీలో ఆయన.

"సోమవారం రండి!"

సగం గడ్డంతో ఆయన, పూర్తి గడ్డంతో అలారంగారు రోడ్డున పడ్డారు. తన వల్లే కదా అని నొచ్చుకుని, ఆయన్నీ పాటకు పిలిచి, అలారంగారు పరుగులాంటి నడక అందుకున్నారు.

డబ్బీలో ఆరూ నాలుగు. హాలు తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. కుర్చీలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి గోడకు చేర్చి ఉన్నాయి. స్టేజీ మీద మైకు ఒక్కటే నిలబడి ఉంది.

అలారంగారు వేళ్ళ మీద లెక్క వేశారు. ఆరింటికి మొదలైన ప్రోగ్రాం ఆరూ నాలుక్కి అయిపోదు. డబ్బీ తప్పు చెప్పదు. అంటే తేదీ తనే తప్పు ఎక్కించాడన్నమాట. ప్రోగ్రాం నిన్నే! నిన్న ఆరింటికి తను ఎక్కడున్నాడు? బావమరిది కొట్లో, డబ్బీకి టైము సరిచేసుకుంటూ! పొద్దున ఆవిడ ఏదో అనబోయి మింగేసింది అందుకేనన్నమాట. ఆలోచించినకొద్దీ అన్నీ అతికినట్టు సరిపోతున్నాయి. ఒక కుర్చీ దింపుకుని, మొదటి వరసలో మధ్య కుర్చీ ఎక్కడుండాలో అక్కడ వేసుకుని, దానిలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

వెనక అడుగుల చప్పుడైంది. ఆవిడే. చేతిలో సంచీ, సంచీలో పాట సాధన చేసుకునే పాత టేపురికార్డరు.

"నన్ను క్షమించవే" అన్నారు ఆయన, మొహం చేతుల్లో దాచుకుని. "మళ్ళీ నిన్ను ఒంటరిదాన్ని చేశాను. నిన్న కూడా రెండో చరణం పాడలేకపోయావా?"

"నిన్నేమిటండీ? ప్రోగ్రాం ఇవాళే. ఇంకా గంటన్నర పైనే ఉంది. ఇప్పుడు నాలుగుంపావు."

"డబ్బీలో ఆరు దాటింది!"

"డబ్బీ తప్పండీ. పొద్దున మీరు గోడ గడియారం జరిపినప్పుడే చూశాను. మీరు ఇక్కడికి ముందే వచ్చి ఒక్కరే కూర్చుంటారని తెలిసే పరిగెత్తుకొచ్చాను."

"తెలిసి చెప్పలేదా?"

ఆవిడ ఇంకో కుర్చీ దింపుకుని పక్కన కూర్చుంది. 

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? మీరు దానికోసం మూడు వారాలు తిరిగారు. అసలు పోయినేడు మీ డబ్బీ దానంతట అది చావలేదండీ. నేనే చంపాను. ప్రోగ్రాం రోజు పొద్దున టేపురికార్డరులో బ్యాటరీలు అయిపోయాయి. మీరు స్నానం చేస్తుంటే డబ్బీలోవి రెండూ తీసుకుని ఒక్క అరగంట సాధన చేసుకుని, మళ్ళీ పెట్టేశాను. అంతా చెరిగిపోతుందని నాకేం తెలుసు?"

అలారంగారు ఏడాది పాటు మోసిన బరువు దింపుకునే చోటు కనబడనట్టు అటూ ఇటూ చూశారు.

"మరి ఇన్నాళ్ళూ..."

"మర్నాడే చెప్పేద్దామనుకున్నాను. లేచేసరికి మీరు కాఫీ పెట్టి ఇచ్చారు. పెళ్ళయ్యాక మొదటిసారి. ఇంకొక్క రోజు చూసి చెబుదామనుకున్నాను. మర్నాడూ పెట్టారు. అలా చూస్తూ చూస్తూ ఏడాదయింది."

"అయితే నేను అన్యాయంగా మూడొందల అరవై అయిదు కాఫీలు..."

"మొదటి నెల తప్ప అన్నీ బాగున్నాయండీ" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

ముందు ఆయనే నవ్వారు. ఆ నవ్వు చూసి ఆవిడా నవ్వింది. ఖాళీ హాల్లో ఆ నవ్వు గోడలకు తగిలి మళ్ళీ వాళ్ళ దగ్గరికే వచ్చింది. నవ్వు ఆగాక ఆవిడ మొహం చిన్నబోయింది.

"నాకు భయంగా ఉందండీ. రెండో చరణం దగ్గరికి రాగానే ఆ ఖాళీ కుర్చీ కళ్ళముందుకొస్తుంది."

"ఇప్పుడు ఖాళీగా లేదుగా. పాడు. పాడి టేపు చేసుకో."

"బ్యాటరీలు మళ్ళీ అయిపోయాయి. కొనాలి."

అలారంగారు డబ్బీ తీశారు. వెనక మూత ఊడదీసి, రెండు బ్యాటరీలూ ఆవిడ చేతిలో పెట్టారు.

"తీసుకో. ఈసారి అడిగి తీసుకున్నట్టే లెక్క."

ఆవిడ స్టేజీ ఎక్కింది. ఆయన్నే చూస్తూ మొదలుపెట్టింది. మొదటి చరణం అయింది. రెండో దాని ముందు ఊపిరి తీసుకుని, ఒక్క క్షణం ఆగింది. ఆయన కుర్చీలో కొంచెం ముందుకు జరిగారు, అంతే. ఆవిడ గొంతు నిలదొక్కుకుని రెండో చరణం ఎక్కింది, దాటింది, మూడోది కూడా పాడేసింది.

చప్పట్లు మోగాయి. ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. గుమ్మం దగ్గర లాయరుగారు, ఫోను ఆవిడ, లైబ్రరీ జనమంతా, వాళ్ళ వెనక సగం గడ్డం ఆయన. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో ఏమో. "ఆరింటికి రమ్మన్నారు, వచ్చాం. వెళ్ళి చదువుకుందామంటే మీరు లైబ్రరీ తాళం వేసేశారు" అన్నారు లాయరుగారు. ఆ తర్వాత అందరూ కలిసి కుర్చీలు దింపి వరసలు వేశారు. అసలైన ఆరింటికి కాస్త ముందు వచ్చిన మ్యూజిక్ టీచరు, పోయినేడు పదకొండు మంది వచ్చిన హాలు నిండి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అలారంగారి ఆవిడ మళ్ళీ పాడింది. జనాన్ని కూడా చూస్తూ పాడింది.

ఆ రాత్రి బ్యాటరీలు తిరిగి పెడితే డబ్బీలో ఒక్క అక్షరం పోలేదు. కొత్త బిళ్ళ బ్యాటరీ దాన్ని కాపాడింది. "టైము సరిచేస్తాను, రెండ్రోజులు వదిలిపెట్టు బావా" అని బావమరిది చెబుతూనే ఉన్నాడు. అలారంగారికి ఆ రెండ్రోజులు ఇంకా దొరకలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి తనే టైము సరిచేసుకుంటున్నారు. కాఫీ ఇక నుంచి తానే పెడతానని ఆవిడ గట్టిగా పట్టుబట్టింది. కానీ డబ్బీ ఆయన్ని రోజూ గంట ముందే లేపుతుంది కనుక, ఆవిడ లేచేసరికి ఆయన పెట్టిన కాఫీ ఎప్పుడూ చల్లారిపోయి ఉంటుంది.