పావు సైజు పిస్టన్

బుధవారం ఉదయం జానీ బాషా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తెనాలిలో పొద్దున్న రైలెక్కి రేపల్లెలో దిగడం, సంచిలో ఉన్న సిలిండరుకు చెంచురామయ్య లేత్‌లో బోరు వేయించుకోవడం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరడం. మర్నాడు ఇంజను బిగించి, శుక్రవారం బండిని బాపట్ల పంపించేస్తే ఆదివారానికి ఇంకా ఒక రోజు మిగులుతుంది.

ఆ బండి అంకారావుది. సూర్యలంక ఒడ్డున ఇసుకలో జనాన్ని తిప్పే నాలుగు చక్రాల బండి, టూ స్ట్రోక్ ఇంజను. భుజం జారిన దగ్గర నుంచి అంకారావు వేటకు వెళ్లలేక, పడవలో తన వాటా వదులుకుని ఈ పాత బండి కొనుక్కున్నాడు. పది రోజుల క్రితం ఆయిల్ కలపడం మరిచిపోయి వట్టి పెట్రోలు పోసి తిప్పాడు. ఇంజను పట్టేసింది. ఒడ్డున ఎవరి చోటు వాళ్లకుంటుంది గానీ, వరసగా రెండు ఆదివారాలు ఖాళీగా ఉంచితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేయాలని అక్కడి పెద్దల కట్టుబాటు. ఒక ఆదివారం అయిపోయింది. రెండోది కూడా అయిపోతే చాలునని అదే ఒడ్డున గుర్రాల మీద జనాన్ని తిప్పే కరుణాకర్ కాచుకుని ఉన్నాడు. ఆ చోటు పోతే అంకారావుకు సముద్రమూ లేదు, ఒడ్డూ లేదు.

ఇంజను విప్పితే సిలిండరు లోపల గీతలు కనిపించాయి. లోతైనవి కావు. అలాంటప్పుడు సిలిండరును లోపల కాస్త కోసి నునుపు చేసి, ఆ మేరకు పెద్ద పిస్టన్ వేస్తారు. పావు మిల్లీమీటరు, అర, ముప్పావు, ఒకటి. ఇలా నాలుగు పెద్ద సైజులు దొరుకుతాయి. ఒకటి దాటితే ఇక లేవు. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న జానీ బాషా కొలత తీసి, పావు చాలని తేల్చాడు. బండితో పాటు వచ్చిన కొత్త పిస్టన్ ఒకటి డబ్బాలో ఉంది కానీ, అది అసలు కొలతది, సున్నా సైజు. బోరు వేశాక వదులైపోతుంది. దాన్ని భార్య ఖాజాబీ తీసేసుకుంది. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. ఫ్యాను గాలికి గుడ్డ ఎగరకుండా పెట్టుకోవడానికి అంతకంటే మంచి బరువు ఆమెకు ఇంతవరకూ దొరకలేదు.

సంగతి చెప్పడానికి అంకారావుకు ఫోన్ చేశాడు.

"పావేంటి బాషా అన్నా, మరీ పావు! మా పిల్లలకి చెప్పులు కొన్నా ఒక సైజు పెద్దవే కొంటాం. అర వేసెయ్యి, ఎందుకైనా మంచిది."

"పిస్టను ఎదుగుతుందా ఏంటి అంకారావూ? ఎంత తక్కువ కోస్తే అంత మేలు. రేపు మళ్లీ పట్టేస్తే కొయ్యడానికి గోడ మిగలాలిగా."

"సరే అన్నా, నీ ఇష్టం."

అంకారావు అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే అనుమానించవలసింది.

రేపల్లెలో చెంచురామయ్య లేత్ రైసు మిల్లుల పక్కనే ఉంది. మిల్లు ఇంజన్లన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవే. డెబ్బై దాటినా చెయ్యి వణకదు. సంచిలోంచి సిలిండరు తీయగానే ఆయన అడిగిన మొదటి మాట, "పిస్టనేదీ?"

"విజయవాడ నుంచి బస్సు పార్సిల్లో వస్తోంది బాబాయ్. పావు సైజని జయకృష్ణ కొట్లో చెప్పేశాను. మీరు కానివ్వండి."

"ముందు పిస్టను, తర్వాత బోరు. నీకు నేను చెప్పాలా అబ్బాయ్?"

"ఆదివారం ముంచుకొస్తోంది బాబాయ్."

తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ జానీ బాషా మొదటి రోజు చెప్పే పాఠం కూడా అదే, ముందు పిస్టను అని. తొందరలో ఉన్నవాడికి పక్కవాడి మాటే కాదు, తన మాట కూడా చెవికెక్కదు. చెంచురామయ్య చేతిలో మిల్లు పని ఉండటంతో, సాయంత్రానికి వేసి పెడతానని సిలిండరు ఉంచుకున్నాడు. మధ్యాహ్నం భోజనం మాట మాత్రం నెగ్గింది.

సాయంత్రం తెనాలిలో స్పేర్ పార్టుల కొట్లో జయకృష్ణ నవ్వుతూ డబ్బా అందించాడు. విప్పి చూస్తే అర సైజు.

"నేను చెప్పింది పావు కదండీ!"

"మీరే మనసు మార్చుకున్నారని మీ అంకారావు ఫోన్ చేశాడు కదండి బాషాగారూ. వెంటనే మార్పించాను."

జానీ బాషా కొట్టు మెట్ల మీదే కూలబడ్డాడు. పావుకు బోరు ఈపాటికి అయిపోయి ఉంటుంది. అయినా మించిపోయిందేమీ లేదు, పావును అర చేయవచ్చు. చెంచురామయ్యకు ఫోన్ చేసి అరకు కోయమన్నాడు. పిస్టను ఇంట్లో పెట్టి, గురువారం పొద్దున్నే సిలిండరు కోసం మళ్లీ రేపల్లె రైలెక్కాడు.

జయకృష్ణ మంచి వ్యాపారి. తన కొట్టు వల్ల ఒక మెకానిక్కు మాట పోయిందంటే ఆయనకు అన్నం సయించదు. జానీ బాషా అర సైజుతో సర్దుకున్న సంగతి ఆయనకు తెలియదు. పొద్దున్న మొదటి బస్సుకే పావు సైజు తెప్పించి, స్వయంగా బాషా ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చి, అక్కడున్న అర సైజును తీసుకుని వెనక్కి పంపించేశాడు.

"ఎంత మంచాయనండీ, టీ కూడా తాగలేదు," అంది ఖాజాబీ, అప్పుడే ఇంటికొచ్చిన భర్తతో.

జానీ బాషా అర సైజు సిలిండరులో పావు సైజు పిస్టను పెట్టి చూశాడు. పెద్దన్న చొక్కా తొడిగిన తమ్ముడిలా ఉంది. జయకృష్ణ విజయవాడకు ఫోన్ మీద ఫోన్ చేశాడు. వెనక్కి వెళ్లిన అర సైజును అప్పుడే ఇంకెవరో పట్టుకెళ్లారట. ముప్పావు రావడానికి వారం పడుతుందట. ఉన్నది ఒకటే, చిట్టచివరి సైజు.

అది శుక్రవారం సాయంత్రానికి వచ్చింది. శనివారం పొద్దున్న జానీ బాషా దాన్ని రుమాల్లో మూటకట్టి, రేపల్లె దాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి ఎవరినీ నమ్మదలచుకోలేదు. లేత్ పక్కనే నిలబడి బోరు వేయించాడు.

"బాబాయ్, ఇసుకలో తిరిగే బండి, బాగా వేడెక్కుతుంది. పిస్టనుకీ గోడకీ మధ్య సందు ఒక వెంట్రుకంత ఎక్కువ ఉంచండి, ఎందుకైనా మంచిది."

"అలాగే," అన్నాడు చెంచురామయ్య.

అంకారావు బాపట్ల నుంచి బస్సులో దిగేసరికి బోరు పూర్తయింది. సిలిండరును నిలువుగా పట్టుకుని పిస్టనును పైనుంచి వదిలితే, అది తన బరువుకు తాను మెల్లగా, బద్ధకంగా కిందికి దిగాలి. జానీ బాషా వదిలాడు. అది దిగలేదు, పడింది. సరాసరి వచ్చి అరచేతిలో పడింది.

చెంచురామయ్య రెండుసార్లు కొలిచాడు. "సందు మరీ ఎక్కువైంది," అన్నాడు.

"ఒక వెంట్రుకే కదా నేను చెప్పింది!"

"నువ్వొకటి చెప్పావు. పొద్దున్నే ఈ అబ్బాయి ఫోన్ చేసి ఒకటి చెప్పాడు. ఒడ్డున తిరిగే బండి కదాని నా అంతట నేను ముందే ఒకటి ఉంచాను."

తిలా పాపం తలా పిడికెడు అంటే ఇదే. ఇంతకంటే పెద్ద పిస్టను లేదు. కోసిన ఇనుము మళ్లీ అతుక్కోదు.

"తప్పు నాది బాషా అన్నా," అన్నాడు అంకారావు. "కరుణాకర్ నిన్ననే గుర్రాలకి కొత్త గజ్జెలు కట్టాడు."

"నీది కాదు. బుధవారం పిస్టను లేకుండా సిలిండరు పట్టుకొచ్చింది నేను," అన్నాడు జానీ బాషా. ముప్పై ఏళ్లలో ఎన్నడూ పడనంత సిగ్గు పడ్డాడతను.

చెంచురామయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఏడుపులు తర్వాత. పాత గోడంతా తీసేసి లోపల కొత్త స్లీవు, అదే ఇనప గొట్టం, దింపుతాను. సాయంత్రానికి అవుతుంది. సిలిండరు మళ్లీ పుట్టినప్పటి కొలతకొస్తుంది. సున్నా సైజు పిస్టను కావాలి."

"చేతిలో పెద్దదుంది కదా బాబాయ్, దీనికే సరిపెట్టకూడదూ?"

"స్లీవు గోడ కాగితమైపోతుంది. సున్నా తెచ్చి నా చేతిలో పెట్టు. చూడకుండా మాత్రం ఈసారి లేత్ తిప్పను."

జానీ బాషా ఫోన్ తీశాడు. "ఖాజాబీ, ఆ గుడ్డల మీద పెట్టే బరువుందే..."

"ఉంది. దాని కింద గౌను ఉంది. సగం కత్తిరించాను."

"గౌను వదిలేసి బరువు పట్టుకుని రైలెక్కు."

ఖాజాబీ మధ్యాహ్నానికి వచ్చింది. పిస్టను మీద టైలరు సుద్ద గీతలున్నాయి, ఒక దారప్పోగు చుట్టుకుని ఉంది. జరిగినదంతా నిలబడే విన్నది.

"కొలత చూడకుండా ఎవరైనా కత్తెర పెడతారా అండీ? నా దగ్గర కుట్టు నేర్చుకునే ఆరో క్లాసు పిల్లలు కూడా పెట్టరు," అంది.

చెంచురామయ్య ఆ పిస్టనును తుడిచి, కొలిచి, మళ్లీ కొలిచి స్లీవు దింపాడు. సందు ఎంత ఉంచాలో ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. సాయంత్రం పైనుంచి వదిలితే పిస్టను ఎంత బద్ధకంగా దిగిందంటే, అంకారావు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ రాత్రే తెనాలిలో కూర్చుని ఇంజను బిగించారు. ఆదివారం పొద్దున బండి ట్రాలీ ఆటోలో సూర్యలంక చేరేసరికి కరుణాకర్ గుర్రాలు అంకారావు చోటులో అప్పుడే నిలబడి ఉన్నాయి. పెద్దలు చూస్తూనే ఉన్నారు. అంకారావు బండిని దింపి స్టార్ట్ చేశాడు. మొదటి కిక్కుకే అందుకుంది. మరుక్షణం ఒడ్డంతా తెల్లటి పొగ కమ్మేసింది. గుర్రాలు రెండూ బెదిరి, కొత్త గజ్జెలు మోగించుకుంటూ బాపట్ల రోడ్డు పట్టాయి. వాటి వెనకే కరుణాకర్ పరుగెత్తాడు.

"ఆయిల్ ఎంత కలిపావు అంకారావూ?" అని దగ్గుతూ అడిగాడు జానీ బాషా.

"రెండింతలన్నా. ఎందుకైనా మంచిదని."

చోటు నిలిచింది. జానీ బాషా ఇంటికి చేరేసరికి ఖాజాబీ గౌను ముందు వేసుకుని, ఫ్యాను గాలితో కుస్తీ పడుతోంది. మిగిలిపోయిన రెండు పిస్టన్లనూ, పావు సైజునూ చివరి సైజునూ, అతను ఆమె ముందు పెట్టి ఏది కావాలో తీసుకోమన్నాడు.

ఖాజాబీ రెండూ చేతుల్లోకి తీసుకుని చూసి, ఎందుకైనా మంచిదని పెద్దదే ఉంచుకుంది.