నలభయ్యో ఎముక

ఉరాన్‌కు లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: ఏడాదిన్నర కొడుకు తెముగే ఏదో ఒకటి మింగేస్తాడని. కింద గుండీ కనబడితే ఆమె గుండె ఆగుతుంది. అలాంటిది ఆ రోజు తెల్లవారేసరికే మంచు గుడారం నడుము దాకా పేరుకుంది. మందను తోలే పని లేదు గనుక, సాయంత్రం ఎముకలాట ఆడదామని మామగారు దశ్‌జెవెగ్ తీర్మానించారు.

గొర్రె చీలమండ ఎముకలు నలభై. పడిన తీరును బట్టి ఒక్కొక్కటి గొర్రో, మేకో, గుర్రమో, ఒంటో అవుతుంది. గుర్రాన్ని వేలితో కొట్టి ఇంకో గుర్రానికి తగిలిస్తే అది మనది. ఎవరి కుప్ప పెద్దదైతే వారిదే గెలుపు. ఆ ఇంట్లో గెలుపు ముప్పయ్యేళ్ళుగా మామగారిదే. ఈసారి కోడలి కుప్ప పెరుగుతోంది, ఆయన ముఖం ముడుచుకుంటోంది.

ఆట ముగిశాక లెక్కపెడితే ముప్పై తొమ్మిదే తేలాయి. ఉరాన్ గిరుక్కున కొడుకు వైపు తిరిగింది. వాడు ఏదో నములుతున్నాడు.

"అయ్యో, మింగేశాడు!"

నోట్లో ఉన్నది ఎండుపెరుగు ముక్క. అది చూసేంత తీరిక ఎవరికీ లేదు.

"కాళ్ళు పట్టుకుని తలకిందులు చెయ్యరా జోరిగ్!" అని అత్తగారు అరిచారు. ఉరాన్ భర్త ఆలోచించే రకం కాదు, వెంటనే చేశాడు. పిల్లాడు కిలకిలా నవ్వాడు.

"గొర్రె తోక కొవ్వు చప్పరించనివ్వండి, ఎముక జారిపోతుంది," అన్నారు మళ్ళీ ఆవిడే. అదీ చేశారు. వాడు ఇంకా కావాలని చెయ్యి చాపాడు.

"తల్లి కళ్ళు బిడ్డ మీదుండాలి, ఎముకల మీద కాదు," అన్నారు మామగారు. "ఆడదానికి గెలుపు యావ పట్టిందంటే ఇంతే!"

"తప్పయిపోయింది మామయ్యా. ఇంకెప్పుడూ ఆడను," అని ఉరాన్ వెక్కి వెక్కి ఏడ్చింది.

"అదీ మాట," అన్నారాయన, ఎంతో తృప్తిగా.

డాక్టరు కొండ అవతల, పశువైద్యుడు ఇవతల. జోరిగ్ మంచులో గుర్రమెక్కి వెళ్ళి పశువైద్యుడు లోదోయ్‌ని తెచ్చాడు. వెనకే పక్క గుడారాలవాళ్ళు ఏడుగురు దిగారు, పరామర్శ పేరు చెప్పి టీ తాగడానికి.

లోదోయ్ పిల్లాడి దగ్గర కూర్చోబోయాడు.

"ఆగవయ్యా," అన్నారు దశ్‌జెవెగ్ గంభీరంగా. "పద్ధతి పద్ధతే. ముందు పలకరింపు."

అతిథితో ముక్కుపొడుం బుడ్డి మార్చుకోనిదే ఆ గుడారంలో చావుకబురైనా చెప్పరు. ఆయన దట్టీ పైన అంగీ మడతలో చెయ్యి పెట్టి దర్జాగా బుడ్డి లాగారు. దాంతోపాటు ఇంకొకటి జారి, అందరి నడుమా టక్కున పడింది.

నలభయ్యో ఎముక.

"గుర్రం పడింది, మంచి శకునం," అన్నాడు లోదోయ్. దాన్ని పిల్లాడి పిడికిలి పక్కన పెట్టి చూశాడు. "రెండూ ఒక్కటే సైజు. ఇది ఆ గొంతులో ఎలా పట్టిందనుకున్నారు?"

ఎవరూ అనుకోలేదు. అనుకోవడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

ఉరాన్ కళ్ళు తుడుచుకుంది. ఎముకను తీసి, పెద్దలకు ఇచ్చే మర్యాదతో రెండు చేతులా అందించింది.

"మీదే, ఉంచుకోండి మామయ్యా. ఇది కలుపుకున్నా నావే రెండు ఎక్కువ."

దశ్‌జెవెగ్ గొర్రెలను చూసొస్తానని బయటికి వెళ్ళారు. ఇంకా రాలేదు. మీలో ఎవరైనా అటు వెళ్తే దొడ్లోకి ఒకసారి తొంగిచూడండి, పెద్దాయన బాగానే ఉన్నారో లేదో. గొర్రెలకు నీతులు చెబుతున్నారంటే బాగున్నట్టే.