తల్గార్ గ్రంథాలయమున గడియార సంగ్రామము

హిమకిరీటధారియైన అలతౌ పర్వతరాజు పాదపీఠమున, ఆపిల్ పండ్ల పరిమళము పేదకును పెద్దకును సమముగా పంచబడు శరత్కాలమున, ఒకానొక గురువారము పదకొండు గంటల వేళ, తల్గార్ పట్టణ గ్రంథాలయమందలి ఏకైక కంప్యూటరు తాను రెండువేల తొమ్మిది జనవరి ఒకటవ తేదీన ఉన్నానని లోకమునకు ప్రకటించెను.

తీరిక గల సజ్జనులారా, ఆలకింపుడు!

యంత్రమునకు ఎదుట ధూళిసంహారిణి, ఆలస్యముగా తెచ్చిన పుస్తకముల పాలిటి క్షమామూర్తి, గ్రంథపాలిక రైహాన్. ఆమె పక్కన రెండు కన్నులా శుక్లములు కమ్మిన ఒరాజాలి తాత. కంటి ఆసుపత్రివారి ఉచిత ఆపరేషన్ల జాబితా ఆనాడు పన్నెండు గంటలకు మూతపడును. దరఖాస్తుపై ఎలక్ట్రానిక్ సంతకము కంప్యూటరులోనే చేయవలెను. గడియారము తప్పిన యంత్రమున సంతకము చెల్లదు. వెనుక నిలిచినవాడు జానుజాక్, తాతకు నలువది ఏండ్ల మిత్రుడు, గుంటలలో గింజలు పంచి ఆడు తొమ్మిది గుంటల కుమలక్ ఆటలో నలువది ఏండ్ల శత్రువు.

"ఏమైందమ్మాయ్?" అనెను ఒరాజాలి.

"లోపల బిళ్ళ బ్యాటరీ అయిపోయింది తాతా. కంప్యూటరు ఆపినప్పుడు టైము గుర్తుపెట్టుకునేది అదే."

"ఇన్నేళ్ళూ ఒక్కతే మేలుకుని లెక్కపెట్టిందా? పాపం, పడుకోనీ."

అంతట రైహాన్ యంత్రమును ఆర్పి, మరల వెలిగించి, డిలీట్ మీటపై వడగండ్ల వాన వలె వ్రేలిపోట్లు కురిపించెను. తొలి దండయాత్ర ఒక్క క్షణము ఆలస్యమై విఫలమాయెను. మలి దండయాత్రలో నీలవర్ణపు తెర తొలగక నిలిచెను. అదియే బయోస్, యంత్రపు మూల అమరికలు కొలువుండు, మౌసునకు ప్రవేశము లేని గర్భగృహము! అచట ఆ వీరనారి సంవత్సరమును మెట్టుమెట్టుగా ఎక్కించి, మాసమును మరల్చి, తన ఫోను చూచి పదకొండు ముప్పదియొకటి అని లిఖించి, భద్రపరచి వెలికి వచ్చెను.

కాని విధి వక్రించెను. తిరిగి మేల్కొన్న యంత్రము ఇంటర్నెట్టులో సమయము సరిచూచుకొని, పన్నెండు ముప్పదియెనిమిది అని చూపెను. సంతకమును నిరాకరించెను.

"అదే టైము! నా వాచీ కూడా అదే అంటోంది" అని జానుజాక్ మణికట్టు చాచెను.

ఒరాజాలి టోపీ సవరించుకొనెను. "పోనీలే అమ్మాయ్. చూసినంత చూశాను."

"ఆగండి తాతా! నా ఫోనులో పదకొండూ ముప్పై ఎనిమిదే." రైహాన్ జానుజాక్ వైపు తిరిగెను. "దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నప్పుడు మీరు తిప్పలేదా?"

"నేనెందుకు తిప్పాలి? మా ఆవుకి ఆ ఉత్తర్వు అందలేదు."

"ఈ కంప్యూటరుకీ అందలేదు! పాతకాలంది కదా, మన అల్మాటీ టైమంటే ఇంకా పాత టైమే అనుకుంటోంది. దీన్ని తాష్కెంట్ పంపాలి."

"నా కళ్ళకి అదెందుకు తాష్కెంట్ వెళ్ళడం?" అని ఒరాజాలి నివ్వెరపోయెను.

"ఊరి పేరు మారిస్తే చాలు తాతా. ఇప్పుడు వాళ్ళదీ మనదీ ఒకటే టైము."

"చూసుకో, రేపట్నుంచి తాష్కెంటు పలావు పెట్టమంటుంది" అనెను జానుజాక్.

అప్పుడా మేధావిని సమయమండలముల పట్టికలో తాష్కెంట్ నగరమును ఎంచెను. ఆహా, గడియారము గంటంతయు వెనుకకు తగ్గి, పదకొండు నలువది నాలుగు అని తెరమూలన వినయముగా మెరిసెను! సంతకము చెల్లెను. జాబితాలో తాత ఇరువదితొమ్మిదవవాడు. ఉన్నవి ముప్పది స్థానములే.

"కళ్ళు రానీ, నీ గుంటలో గింజలెన్నో నేనే లెక్కపెడతా" అని ఒరాజాలి నవ్వెను.

"అందుకేనా పొద్దున్నే నీ చెయ్యి పట్టుకుని ఇంత దూరం నడిపించుకొచ్చింది!" అని జానుజాక్ విలపించెను. ఆ చేతిని మాత్రము విడువలేదు.

కావున సకల జనులకు ఇందుమూలముగా చాటడమేమనగా: చచ్చిన బ్యాటరీ చచ్చియే ఉన్నను, యంత్రము తాష్కెంటులో ఉన్నాననుకొనుచున్నను, తల్గార్ గ్రంథాలయమున కాలము సరియైనది. ఈ మహావిజయము ఆచంద్రతారార్కము కాకున్నను, ఎవరైనా ప్లగ్గు పీకునంతవరకు వర్ధిల్లుగాక!